మూడు నిమిషాల నలభై సెకన్లు ఆగిన డ్రమ్మరు

(సంగీత రచన నేర్చుకుంటున్నవారి కోసం చేసిన ప్రసంగం. మాటల్లో ఉన్నది ఉన్నట్టుగా రాశాం. పాటలు వినిపించిన చోట్లు బ్రాకెట్లలో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఇవాళ మనం మాట్లాడుకునేది ఫిల్ కాలిన్స్ గురించి. అందులోనూ 1981 ఫిబ్రవరిలో వచ్చిన ఆయన మొదటి సోలో ఆల్బం 'ఫేస్ వాల్యూ' గురించి. జెనెసిస్ అనే ఇంగ్లిష్ ప్రోగ్రెసివ్ రాక్ బృందంలో 1970 నుంచి డ్రమ్స్ వాయించిన మనిషి, పదేళ్ల తర్వాత సొంతంగా పాప్ పాటలు కట్టుకున్నాడు. ఆ ఆల్బం బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది.

ప్రోగ్, అంటే ఈ ప్రోగ్రెసివ్ రాక్, వినేవాళ్లలో చాలామందికి దీని మీద ఒక ఫిర్యాదు ఉంది. కష్టమైన తాళం లెక్కలు వదిలేసి తేలిక దారి పట్టాడంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. లెక్కలు వదిలిన మాట నిజమే. కానీ ఆ లెక్కలు వేసీ వేసీ వచ్చిన ఓర్పు ఉంటుంది చూడండి, అది చేతుల్లోనే ఉండిపోయింది. ఎప్పుడు వాయించాలో తెలిసినవాడికి ఎంతసేపు వాయించకుండా ఉండాలో కూడా తెలుస్తుంది. ఈ ఆల్బంలో మొదటి పాట 'ఇన్ ది ఎయిర్ టునైట్' మొత్తం ఆ తెలివి మీదే నిలబడింది. దాన్ని విప్పి చూద్దాం.

ముందు ఆ లెక్కలేమిటో రుచి చూడాలి. 1972లో జెనెసిస్ 'ఫాక్స్‌ట్రాట్' అని ఒక ఆల్బం తెచ్చింది. అందులో 'సపర్స్ రెడీ' అనే ఒక్క రచనే దాదాపు 23 నిమిషాలు. దాని చివరి వైపు ఒక భాగం పేరు 'అపోకలిప్స్ ఇన్ 9/8'. తాళం లెక్క పేరులోనే ఉంది. చేత్తో వేయండి నాతోపాటు: తకిట, తక, తకధిమి. మూడు, రెండు, నాలుగు. మన సంకీర్ణం చెప్పేటప్పుడు తకధిమి తక తకిట అంటాం కదా, నాలుగు, రెండు, మూడు. వీళ్లది దాన్ని సరిగ్గా తిరగేసిన వరస. కింద డ్రమ్స్, బేస్ గిటార్ ఈ తొమ్మిదిని పట్టుకుని వదలవు. పైన టోనీ బ్యాంక్స్ ఆర్గన్ ఈ గొడవ తనకేం పట్టనట్టు తన నడక తను నడుస్తుంది. ఆ రెండూ తెగిపోకుండా పట్టి ఉంచడం డ్రమ్మరు పని.

1975లో గాయకుడు పీటర్ గేబ్రియల్ బృందం వదిలాడు. పాడే బాధ్యత కాలిన్స్ మీద పడింది. 1977లో గిటారిస్టు స్టీవ్ హాకెట్ కూడా వెళ్లిపోయాక ముగ్గురే మిగిలారు. పాటలు చిన్నవవుతూ వచ్చాయి, లెక్కలు మాత్రం వెంటనే పోలేదు. 1980లో వచ్చిన 'డ్యూక్' ఆల్బంలో 'టర్న్ ఇట్ ఆన్ అగైన్' విన్నారా? బ్రిటన్‌లో 8వ స్థానం దాకా వెళ్లిన హిట్టు పాట. చరణం 13 లెక్క. పైకి మామూలు నాలుగు దరువులాగే ఉంటుంది, కాలు ఆడిద్దామని చూస్తే ఆవర్తం దాటేసరికి కాలు తప్పుతుంది. పాప్ వేషం వేసుకున్న ప్రోగ్ అది. కాలిన్స్ సొంతంగా వెళ్లిన దారి దీనికి వేరు.

1979లో పరిస్థితి ఇది. బృందం సుదీర్ఘమైన ప్రపంచ కచేరీల యాత్ర అయిపోయింది, కాలిన్స్ సంసారం చెదిరింది. బృందంలో మిగతా ఇద్దరు, టోనీ బ్యాంక్స్, మైక్ రదర్‌ఫర్డ్, సొంత ఆల్బంల పనిలో పడ్డారు. సర్రేలోని షాల్‌ఫర్డ్ అనే ఊళ్లో, తన ఇంట్లోనే కాలిన్స్ ఒక గదిలో రికార్డింగు సరంజామా పెట్టుకున్నాడు. ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం, అంటే ఎనిమిది శబ్దాల్ని విడివిడిగా పట్టేది. ప్రాఫెట్-5 సింత్, శబ్దాల్ని విద్యుత్తుతో పుట్టించే కీబోర్డు. ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో. రోలాండ్ సీఆర్-78 రిథమ్ పెట్టె. అంతకుముందు ఆయన పాటలు రాసింది చాలా తక్కువ, కీబోర్డు మీద పెద్ద అభ్యాసమూ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అక్కరకొస్తుంది.

సీఆర్-78 గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1978లో వచ్చిన పెట్టె. వాల్ట్జ్, బోసానోవా, డిస్కో అని ముప్పైకి పైగా దరువులు అందులో సిద్ధంగా ఉంటాయి. అసలు అది ఆర్గన్ పక్కన పెట్టుకుని ఇంట్లో వాయించుకునేవాళ్ల కోసం చేసినట్టు ఉంటుంది, పైన చెక్క రంగు కూడా. దానిలో కొత్త సంగతి ఏమిటంటే, కొంతమేర మన దరువు మనం ఎక్కించుకోవచ్చు. 'ఇన్ ది ఎయిర్ టునైట్'లో వినిపించేది దాంట్లోని డిస్కో-2 దరువుకు చేసిన మార్పు. అసలైన డ్రమ్ముల శబ్దంలాగా అది అస్సలుండదు. టిక్కు టిక్కుమని, బుడగ పేలినట్టు, గడియారానికీ గుండెకూ మధ్యలో ఉంటుంది.

[పాట మొదటి ముప్పావు నిమిషం వినిపించారు.]

ఇంత సన్నని దరువు పెట్టినవాడు ప్రపంచంలో పెద్ద డ్రమ్మర్లలో ఒకడు. సొంత ఆల్బం మొదటి పాటలో తన చేతులు కట్టేసుకుని పెట్టెను ముందు కూర్చోబెట్టాడు. యంత్రానికి విసుగు ఉండదు, ఊపు పెరగదు. మనిషి వాయిస్తే రెండో చరణానికి తెలియకుండానే దెబ్బ గట్టిపడుతుంది, వేగం ఒక పిసరు పెరుగుతుంది. ఇక్కడ అది జరగదు. వినేవాడికి ఏదో బిగుసుకుంటోందని అనిపిస్తుంది, దరువు మాత్రం మొదట్లో ఉన్నట్టే ఉంటుంది.

ఇప్పుడు స్వరాలు. కీబోర్డు దగ్గర ఉన్న తమ్ముడు డి మైనర్ పట్టుకో. ఎడమ చేతి డి మాత్రం కదపొద్దు. కుడి చేత్తో డి మైనర్, సి మేజర్, బి ఫ్లాట్ మేజర్, మళ్లీ సి మేజర్, తిరిగి డి మైనర్. నెమ్మదిగా, ఒక్కొక్కటీ పూర్తిగా నిండేదాకా. అంతే. పాట మొత్తానికి అదే సామాను. కింద ఆధారశ్రుతిలాగా డి నిలబడి ఉంటుంది, పైన కార్డులు దాని మీద తేలుతూ మారుతుంటాయి. సి మేజర్ డి మీద పడ్డప్పుడు చిన్న రాపిడి వినిపిస్తుంది, ఆ రాపిడిలోనే ఈ పాట దిగులుంది. కింది స్వరాన్ని కూడా సి, బి ఫ్లాట్ అని కదిపి చూడు. ఆ, విన్నారా? ఒక్కసారిగా మామూలు పాటైపోయింది. కీబోర్డు మీద పెద్దగా అలవాటు లేని చేయి ఒక స్వరం దగ్గర ఆగిపోవడంలో ఉన్న లాభం ఇది. తంబూరా శ్రుతి మధ్య పెరిగిన మనకి ఈ కిటుకు కొత్తేం కాదు, పాప్ పాటలో వాడుకోవాలన్న ఆలోచన రావాలి, అంతే.

ప్రాఫెట్-5కి పేరులో ఉన్నట్టు అయిదే గొంతులు, ఒకేసారి అయిదు స్వరాలే పలుకుతాయి. మూడు స్వరాల కార్డు, కింద ఒక ఆధారస్వరం, నాలుగు అయిపోయాయి. రిలీజ్, అంటే వేలు తీశాక స్వరం ఆరే సమయం, పొడుగ్గా పెట్టుకుంటే పాత కార్డు తోక ఆరకముందే కొత్తది పడుతుంది, గొంతులు చాలక పాత తోక మధ్యలో తెగుతుంది. మీరు ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ సింత్‌లో ఇదే శబ్దం చేయబోయి 16 గొంతులు తెరిచి పెట్టుకుంటే కార్డులన్నీ ఒకదానిమీద ఒకటి పేరుకుని బురదలా తయారవుతుంది. పాలిఫొనీ అయిదుకు తగ్గించి చూడండి, చాలావరకు శుభ్రపడుతుంది.

పాట కట్టుబడి ఇంకొకటి గమనించండి. పాశ్చాత్య పాప్‌లో చాలావరకు చరణం ముందొచ్చి తర్వాత పల్లవికి వెళ్తారు. ఈ పాట మన సినిమా పాటలాగా పల్లవితో ఎత్తుకుంటుంది. దాంతో, పాట ఎదురుచూస్తున్నది ఏమిటో మొదటి మాటల్లోనే చెప్పేసినట్టవుతుంది. మాటల్లో చాలావరకు అప్పటికప్పుడు మైకు ముందు వచ్చినవే. చరణాల వెనక సన్నగా తీగ లాగినట్టు వినిపించే వయొలిన్ మన ఎల్. శంకర్‌ది, మద్రాసులో పుట్టి 'శక్తి' బృందంలో వాయించిన విద్వాంసుడు. గిటారు డారిల్ స్టూర్మర్, బేస్ జాన్ గిబ్లిన్. ఒక చరణంలో గొంతు వోకోడర్ గుండా వెళ్తుంది, మనిషి మాటా యంత్రం మాటా కలిసిపోయినట్టు. ఇన్ని ఉన్నా గది ఖాళీగానే అనిపిస్తుంది. ఎవరూ పూర్తిగా ముందుకు రారు.

తర్వాత స్టూడియోకి వెళ్లారు. ఇంజినీరు హ్యూ ప్యాడ్‌హమ్. ఇక్కడ తీసుకున్న నిర్ణయం నా లెక్కలో ఆల్బం మొత్తానికి కీలకం. ఇంట్లో చేసిన ఎనిమిది ట్రాకుల టేపును పక్కన పడేసి అన్నీ మళ్లీ 'సరిగ్గా' వాయించడం అప్పటి పద్ధతి. వీళ్లు అలా చేయలేదు. ఎనిమిది ట్రాకులనీ 24 ట్రాకుల టేపుకి ఎత్తి, ఇంటి కీబోర్డులనీ రిథమ్ పెట్టెనీ అలాగే ఉంచి, మిగతావి పైన చేర్చారు. టేపు నుంచి టేపుకి ఎత్తితే బుస పెరుగుతుంది. రెండు టేపుల బుస సమానమనుకుంటే కలిపి 3 డెసిబెల్స్ ఎక్కువ. ఆ నష్టం ఒప్పుకున్నారు. ఎందుకంటే నేర్పు లేని వేళ్లతో, దిగులుతో వాయించిన ఆ కార్డుల బరువు రెండోసారి రాదు. ఇవాళ మీకు ఆ బుస సమస్య లేదు, ఫైలు ఎన్నిసార్లు కాపీ చేసినా అదే ఫైలు. అయినా డెమోలో ఉన్న ప్రాణాన్ని చంపి శుభ్రంగా మళ్లీ రికార్డు చేస్తున్నారు. డెమో ట్రాకు మీద 'తాత్కాలికం' అని పేరు పెట్టకండి. పేరు పెట్టిన రోజే దానికి చావు రాసిపెట్టినట్టు.

ఇక డ్రమ్ముల దగ్గరికి వద్దాం. దీనికోసం ఒక ఏడాది వెనక్కి వెళ్లాలి.

పీటర్ గేబ్రియల్ మూడో సోలో ఆల్బం 1980లో వచ్చింది. నిర్మాత స్టీవ్ లిల్లీవైట్, ఇంజినీరు ఇదే హ్యూ ప్యాడ్‌హమ్. పాత స్నేహితుడిగా కాలిన్స్ వెళ్లి కొన్ని పాటలకి డ్రమ్స్ వాయించాడు. గేబ్రియల్ ఒక షరతు పెట్టాడు: సింబల్స్, అంటే డ్రమ్ముల పక్కన ఉండే లోహపు పళ్లేలు, ఉండకూడదు. లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో డ్రమ్స్ గది రాతి గోడలది, శబ్దం గట్టిగా తిరిగొస్తుంది. కంట్రోల్ రూములో కొత్త ఎస్‌ఎస్‌ఎల్ 4000 కన్సోల్, అంటే శబ్దాల్ని కలిపే బల్ల. ఆ కన్సోల్‌లో ఒక సదుపాయం ఉంది. గదిలో కూర్చున్న వాద్యకారులు మాట్లాడితే ఇంజినీరుకి వినపడాలి కదా, అందుకు పైకప్పు నుంచి ఒక మైకు వేలాడదీస్తారు. దూరంగా గొణిగినా వినపడాలి, దగ్గరగా అరిచినా చెవులు పగలకూడదు. అందుకని దానికి చాలా మొరటు కంప్రెసర్ తగిలించి ఉంటుంది. చిన్న శబ్దాన్ని పైకి లేపుతుంది, పెద్ద శబ్దాన్ని నొక్కిపెడుతుంది. కాలిన్స్ వాయిస్తున్నప్పుడు ఆ మైకు తెరిచి ఉంది. స్పీకర్లలో వచ్చిన శబ్దం, విన్నవాళ్లంతా లేచి నిలబడేలా ఉంది.

ఎందుకో చెప్తాను. డ్రమ్ము దెబ్బ పడగానే కంప్రెసర్ దాన్ని అణుస్తుంది. దెబ్బ అయిపోయిన మరుక్షణం పట్టు వదులుతుంది. అప్పుడు గది ప్రతిధ్వని, మామూలుగా తగ్గిపోవాల్సింది, ఉబ్బుతూ పైకొస్తుంది. దెబ్బ కన్నా దాని నీడ పెద్దదైపోతుంది. ఆ మైకు కేవలం మాటలు వినడానికి పెట్టింది, టేపుకి వెళ్లే దారి దానికి లేదు. వైరింగు మార్పించి దాన్ని రికార్డు చేసేలా చేశారు. పైగా ఆ కన్సోల్‌లో ప్రతి చానెల్‌కీ నాయిస్ గేట్ ఉంది, శబ్దం ఒక మట్టం కన్నా తగ్గగానే దారి మూసేసే సాధనం. ఉబ్బిన ప్రతిధ్వనిని గేట్‌తో ఠక్కున కోసేశారు. పెద్ద గుహలో కొట్టినట్టు మొదలై, తలుపు మూసినట్టు ఆగిపోయే శబ్దం పుట్టింది. ఆ ఆల్బం మొదటి పాట 'ఇంట్రూడర్' దీంతోనే మొదలవుతుంది.

[‘ఇంట్రూడర్’ మొదటి అర నిమిషం వినిపించారు.]

సింబల్స్ వద్దన్న షరతు ఎందుకు కలిసొచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. సింబల్ మోత సెకన్ల తరబడి సాగుతుంది. అది ఉంటే గేట్ మూసుకోదు. బలవంతంగా మూస్తే సింబల్ మధ్యలో తెగి, గొంతు నొక్కినట్టు వినిపిస్తుంది.

మీ ఇంట్లో కంప్యూటర్ మీద ఇదే చేయాలంటే వరస ఇలా పెట్టుకోండి. స్నేర్, టామ్ డ్రమ్ములు పొడిగా, అంటే ప్రతిధ్వని లేకుండా, విడివిడి ట్రాకుల మీద ఉండాలి. వాటిని ఒక రివర్బ్ బస్‌కి, అంటే కృత్రిమ ప్రతిధ్వని చేర్చే ఉమ్మడి ట్రాకుకి, పంపండి. రూమ్ గానీ ప్లేట్ గానీ, డికే (ప్రతిధ్వని ఆరే సమయం) 2 సెకన్ల దగ్గర, ప్రీడిలే (అది మొదలయ్యేలోపు ఆగే సమయం) సున్నాకి దగ్గరగా. దాని తర్వాత కంప్రెసర్: రేషియో (ఎంత నొక్కాలన్న నిష్పత్తి) 10కి తగ్గకుండా, ఎటాక్ (పట్టుకునే సమయం) వీలైనంత వేగంగా, రిలీజ్ (పట్టు వదిలే సమయం) 50 నుంచి 100 మిల్లీసెకన్లు. దాని తర్వాత గేట్. గేట్‌కి సైడ్‌చెయిన్, అంటే ఎప్పుడు తెరవాలో చెప్పే సంకేతం, మాత్రం పొడి స్నేర్ ట్రాకు నుంచి ఇవ్వాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. కంప్రెస్ అయిన శబ్దంలో పెద్దకీ చిన్నకీ తేడా ఉండదు, గేట్ తన లోపలికి వచ్చే ఆ శబ్దాన్నే చూసుకుని నిర్ణయించుకుంటే ఎప్పుడు మూయాలో తెలియక తెరుచుకునే ఉంటుంది, లేదా దడదడలాడుతుంది. పొడి దెబ్బలో తేడా స్పష్టం, అందుకని తాళం చెవి దాని చేతికివ్వాలి.

గేట్ హోల్డ్, అంటే తలుపు తెరిచి ఉంచే సమయం, ఎంత పెట్టాలన్నది వేగాన్ని బట్టి లెక్కకట్టాలి. ఈ పాట నిమిషానికి దాదాపు 95 దెబ్బలు. 60,000ని 95తో భాగిస్తే ఒక దెబ్బకి 632 మిల్లీసెకన్లు, అందులో సగం 316. హోల్డ్, రిలీజ్ రెండూ కలిపి 300 దాటకుండా చూసుకుంటే తర్వాతి అర దెబ్బకి ముందే తలుపు మూసుకుంటుంది. హోల్డ్ 270, రిలీజ్ 25తో మొదలుపెట్టండి. ఎక్కువైతే ఒక దెబ్బ తోక ఇంకో దెబ్బ ముక్కు మీద పడి ముద్దవుతుంది. మరీ తగ్గిస్తే టైపు కొట్టినట్టుంటుంది. హైహ్యాట్ (జత సింబల్) శబ్దం స్నేర్ మైకులోకి వచ్చి గేట్‌ని తెరుస్తుంటే, సైడ్‌చెయిన్ ఫిల్టరులో పై పౌనఃపున్యాలు కోసేయండి. తర్వాత్తర్వాత ఈ శబ్దాన్ని పెట్టెల్లో బిగించి అమ్మారు, ఏఎమ్‌ఎస్ ఆర్‌ఎమ్‌ఎక్స్16 అనే రివర్బ్ పెట్టెలోని 'నాన్‌లిన్' అదే. ఎనభైల్లో పాప్ అంతా ఈ స్నేర్‌తో నిండిపోయింది. బటను నొక్కితే వచ్చేసరికి దానికి విలువ తగ్గిందని నా అభిప్రాయం.

'ఇన్ ది ఎయిర్ టునైట్'లో దాని విలువ ఎక్కడిది మరి? దాన్ని దాచుకోవడంలో ఉంది.

మూడు నిమిషాల నలభై సెకన్ల దాకా అసలు డ్రమ్ములు రావు. 95 వేగంతో లెక్కేస్తే సుమారు 350 దెబ్బలు, నాలుగేసి లెక్కల ఆవర్తాలు 87 దాకా. అంతసేపు ప్రపంచంలో ఎవరూ అడగకుండానే తొమ్మిదిలో, ఏడులో, పదమూడులో వాయించగల మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అప్పుడు పది దెబ్బలు. రెండేసి చొప్పున నాలుగు జతలు, చివర విడిగా రెండు. చేత్తో వేయండి: దడం దడం దడం దడం, దమ్ దమ్.

[3 నిమిషాల 25 సెకన్ల నుంచి 4 నిమిషాల దాకా వినిపించారు.]

కష్టమైన పలుకేం కాదు. నెల రోజులు నేర్చుకున్న పిల్లాడు వాయిస్తాడు. మన మృదంగ విద్వాంసుడు తీర్మానం వేస్తే మూడుసార్లు తిప్పి సమానికి చేర్చి మెప్పిస్తాడు. ఇక్కడ తిప్పడాలు లేవు, సమం వస్తోందని చెప్పే పది దెబ్బలు. ప్రోగ్ డ్రమ్మరు చేతికి ఎన్ని అలవాటైన పలుకులు దొరికి ఉంటాయో ఊహించండి. వాటన్నిటినీ కాదని ఈ పది ఎంచుకున్నాడు.

దీన్ని అనుకరించేవాళ్లు రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి, ఓపిక పట్టలేక నిమిషానికే కిక్ డ్రమ్ము మెల్లగా తెచ్చేస్తారు, 'కొంచెమే కదా' అని. ఆ కొంచెంతో చెవికి కింది పౌనఃపున్యం దొరికేస్తుంది, తర్వాత వచ్చేది కొత్తగా అనిపించదు. డ్రమ్ములు వచ్చేదాకా 60, 80 హెర్ట్జ్ దగ్గర దెబ్బ కొట్టేది ఏదీ ఉండకూడదు. రెండు, మాస్టరింగులో, అంటే విడుదలకు ముందు చివరి మెరుగులో, లిమిటర్ తొక్కి పాటంతా ఒకే ఎత్తుకి తెస్తారు. మొదటి భాగాన్ని షార్ట్-టర్మ్ మైనస్ 19 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినబడే బిగ్గరతనపు కొలత) దగ్గర ఉంచి, డ్రమ్ముల తర్వాత మైనస్ 12కి వదలండి. ఏడు డెసిబెల్స్ తేడా. మొదట్లో వినేవాడు వాల్యూమ్ కాస్త పెంచుకుంటాడు, పెంచుకోనివ్వండి. అలా పెంచుకున్న చేతికే ఆ పది దెబ్బలు తగలాలి.

ఇక్కడ ఒక పక్క కథ ఉంది. అమెరికాలో ఈ ఆల్బం విడుదల చేసిన అట్లాంటిక్ సంస్థ అధిపతి అహ్మెత్ ఎర్తెగున్ ఈ పాట విని, దరువు ఎక్కడుందో రేడియో వినే పిల్లలకి అందదు, ముందు నుంచే డ్రమ్ములు చేర్చమని చెప్పాడు. సింగిల్‌గా, అంటే విడి పాటగా, విడుదలైన రూపంలో మొదటి భాగంలో అదనపు డ్రమ్ములు చేర్చారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. ఎర్తెగున్ చెవి గొప్పది, రేడియో సంగతి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ సింగిల్ బ్రిటన్‌లో 2వ స్థానం దాకా వెళ్లింది కూడా. అయినా కాలం గడిచాక జనం నోళ్లలో, వేళ్ల మీద నిలిచింది ఆల్బంలోని రూపమే. కార్లో కూర్చుని స్టీరింగు మీద ఆ పది దెబ్బలు వేయనివాడు లేడు.

మిగతా పాటల్లో ఒక్కదాని దగ్గరే ఆగుతాను. 'బిహైండ్ ది లైన్స్'. ఇది ప్రోగ్‌కీ పాప్‌కీ మధ్య దూరం కొలవడానికి దొరికిన గజం బద్ద. ఎందుకంటే అదే పాట జెనెసిస్ 'డ్యూక్'లోనూ ఉంది, ఏడాది తర్వాత 'ఫేస్ వాల్యూ'లోనూ ఉంది. రాగం అదే, మాటలవే, పాడినవాడూ అతనే. 'డ్యూక్'లో అయిదున్నర నిమిషాలు. పాట ఎత్తుకోకముందే రెండు నిమిషాల దాకా వాద్యసంగీతం, ఆల్బంలో ముందు ముందు రాబోయే ముక్కల్ని చూపిస్తూ. సొంత ఆల్బంలో నాలుగు నిమిషాల లోపు. ఆ ముందుమాట మొత్తం తీసేశాడు. వేగం పెంచాడు. కీబోర్డులు చేసే పని ఎర్త్, విండ్ అండ్ ఫైర్ బృందపు ఊదేవాద్యాల వాళ్లకిచ్చాడు, ఫీనిక్స్ హార్న్స్ అంటారు వాళ్లని. ఒక సాక్సఫోన్, ఒక ట్రాంబోన్, రెండు ట్రంపెట్లు. కీబోర్డు కార్డు పట్టి నిలబెడుతుంది, వీళ్లు పొడిచి వదిలేస్తారు. పొడిచి వదిలేసిన చోట ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలో నడుం కదులుతుంది. చేసి చూడండి: మీ పాటలో సాగదీసిన కార్డు ట్రాకు ఒకటి తీసుకుని, ప్రతి కార్డునీ నాలుగో వంతు పొడుగుకి కోయండి. ఒక్క స్వరం మార్చకండి. పాట జాతి మారిపోతుంది.

సొంత ఆల్బం కదా అని అంతా పాటలే పెట్టలేదు. 'డ్రోన్డ్', 'హ్యాండ్ ఇన్ హ్యాండ్' మాటల్లేని రచనలు. పాత అలవాటు అక్కడ బయటపడుతుంది, నాకు సంతోషమే. ఇక్కడ నేర్చుకున్నది తిరిగి బృందానికీ చేరింది. అదే ఏడాది వచ్చిన జెనెసిస్ 'అబకాబ్'లో ఇదే ప్యాడ్‌హమ్ ఇంజినీరు, 'నో రిప్లై ఎట్ ఆల్'లో ఇదే ఫీనిక్స్ హార్న్స్.

ప్రశ్నలుంటే అడగండి.

[ఒక విద్యార్థి: గేబ్రియల్ కూడా బృందం వదిలి పాప్ పాటలు చేశాడు కదండీ. ఆయనదీ ఇదే దారా?]

కాదు తమ్ముడూ, ఆయన లెక్క వదల్లేదు, దాచాడు. 1977లో మొదటి సింగిల్ 'సాల్స్‌బరీ హిల్' చేత్తో వేసి చూడు, ఏడు లెక్కలు. పల్లవి చివర్లో మాత్రం నాలుగులోకి దిగి ఊపిరి తీసుకుంటుంది. మన మిశ్ర చాపు ఏడే అయినా నడక వేరు. మనది తకిట తకధిమి అని మూడో దెబ్బ దాటగానే ఒరుగుతుంది, ఆయన పాట నాలుగు నడుస్తున్నట్టే నడిచి ఒక అడుగు ముందే మలుపు తిరుగుతుంది. సులువుగా పాడుకునే రాగం కాబట్టి జనానికి ఆ కొరత తెలియదు, ఏదో తొందర ఉన్నట్టు మాత్రం అనిపిస్తుంది. 1986 'స్లెడ్జ్‌హ్యామర్'కి వచ్చేసరికి ఆయనా నాలుగులోకే వచ్చాడు. అది అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లినప్పుడు కింద పడ్డ పాట ఏదో తెలుసా? జెనెసిస్ 'ఇన్విజిబుల్ టచ్'.

[ఒక విద్యార్థిని: ఈ గేట్ పద్ధతి మన వాద్యాల మీద పనిచేస్తుందా సార్?]

మంచి ప్రశ్న అమ్మా. డప్పు మీద అద్భుతంగా పనిచేస్తుంది. దెబ్బ పదునుగా ఉంటుంది, తోక చిన్నది, సైడ్‌చెయిన్‌కి వెంటనే అందుతుంది. కాకపోతే సన్నపుల్ల దెబ్బలు చిన్నవి, అవి గేట్ తెరవలేక మాయమైపోతాయి. రెండు మైకులు పెట్టి, లావుగా ఉండే చేతిపుల్ల వైపు మైకు నుంచి మాత్రమే గేట్‌కి తాళం చెవి ఇవ్వండి, సన్నపుల్ల ట్రాకుని పొడిగా పక్కన వదిలేయండి. మృదంగం మీద మాత్రం వద్దు. కుడి మూత మీద చాపు కొట్టినప్పుడు వచ్చే నాదం శ్రుతికి కలిపినది, అది సాగాలి. 270 మిల్లీసెకన్లకి కోస్తే స్వరం నిలవకముందే తెగుతుంది, గాయకుడికి శ్రుతి తప్పినట్టనిపిస్తుంది. తప్పదంటే ఎడమ వైపు తొప్పి ఒక్కదాన్ని రివర్బ్‌కి పంపి గేట్ చేయండి, కుడి వైపు ట్రాకు ముట్టుకోకండి. రెండు మైకుల మధ్య కనీసం ఒక జానెడు మందపు దుప్పటి మడిచి పెడితే ఒకదాని శబ్దం ఇంకోదాంట్లోకి పోవడం కొంత తగ్గుతుంది.